పెద్దపేగు క్యాన్సర్‌లో మైక్రోఆర్‌ఎన్‌ఏ: ఎంత ఉంది అన్నది సరే, ఏ కణంలోది?

2024 అక్టోబరు 7న వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు ప్రకటించారు. మైక్రోఆర్‌ఎన్‌ఏ (కణంలో ప్రోటీన్ల తయారీ వేగాన్ని తగ్గించే చిన్న అణువు) అన్న మాట మామూలు జనం నోళ్ళలోకి వచ్చింది అప్పుడే. బెంగళూరులో మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పటికీ దాని మీద రెండు రకాల మెసేజీలు తిరుగుతున్నాయి. ఒకటి, "ఒక్క చుక్క రక్తంతో పెద్దపేగు క్యాన్సర్ పట్టేస్తారట" అన్నది. రెండోది, ఫలానా మైక్రోఆర్‌ఎన్‌ఏ పెరిగితే ప్రమాదం, ఫలానాది తగ్గితే ప్రమాదం అని చెప్పే పట్టిక. అనంతపురం, హిందూపురం, మదనపల్లె నుంచి కిద్వాయ్ క్యాన్సర్ ఆస్పత్రికి వచ్చేవాళ్ళు ఇక్కడ బంధువుల ఇళ్ళలోనే దిగుతారు. "అన్నా, ఆ కొత్త రక్త పరీక్ష చేయిస్తే అమ్మకి కొలనోస్కోపీ తప్పుతుందా?" అని అడుగుతారు. కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్షే కొలనోస్కోపీ. భయంతో అడిగే ప్రశ్న అది, తేలిగ్గా తీసెయ్యకూడదు.

ఇప్పటికైతే తప్పదు. ఎందుకు తప్పదో తెలియాలంటే ఈ రంగంలో ఇరవై ఏళ్ళకు పైగా నడుస్తున్న ఒక చర్చలోకి వెళ్ళాలి. మొదట్లో అందరూ "ఎంత ఉంది" అని కొలిచారు. "ఏ కణంలో ఉంది" అని అడగడం తర్వాత మొదలైంది. ఆ రెండో ప్రశ్న వేశాక మొదటి జవాబులు చాలా మారిపోయాయి.

## ఇది చేసే పని ఏమిటి

కణంలో డీఎన్‌ఏ కేంద్రకం దాటి బయటికి రాదు. ఒక ప్రోటీన్ కావాలంటే ఆ జన్యువుకు ఆర్‌ఎన్‌ఏ రూపంలో నకలు ఒకటి తయారై బయటికి రావాలి. అదే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. కోవిడ్ టీకాల వల్ల ఈ పేరు చాలామందికి తెలుసు. మైక్రోఆర్‌ఎన్‌ఏ కూడా డీఎన్‌ఏకు నకలే, కానీ దాని నుంచి ప్రోటీన్ తయారవదు. ముందు పొడుగ్గా, మడత పడిన పోగులా పుడుతుంది. డ్రోషా అనే ఎంజైమ్ కేంద్రకంలో ఒకసారి, డైసర్ అనే ఎంజైమ్ బయట ఇంకోసారి కత్తిరించాక దాదాపు 22 అక్షరాల ముక్క మిగులుతుంది. ఆర్గోనాట్ అనే ప్రోటీన్ ఆ ముక్కను పట్టుకుని, దానికి జత కుదిరే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ కోసం వెతుకుతుంది. దొరికితే దాని నుంచి ప్రోటీన్ తయారీ మందగిస్తుంది, ఆ మెసెంజర్ కూడా త్వరగా చెడిపోతుంది.

మైక్రోఆర్‌ఎన్‌ఏ స్విచ్ లాంటిది కాదు, ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిది. ప్రోటీన్ తయారీని ఆపదు, వేగం తగ్గిస్తుంది. వంద ఉన్నది డెబ్బైకో ఎనభైకో దిగుతుంది. చాలా సందర్భాల్లో ఒక మైక్రోఆర్‌ఎన్‌ఏ ఒక ప్రోటీన్ మీద చూపే ప్రభావం ఇంతే. "ఈ ఒక్క మైక్రోఆర్‌ఎన్‌ఏ వల్లే క్యాన్సర్" అని ఎక్కడైనా చదివితే ఈ సంగతి గుర్తు చేసుకోవాలి.

మొట్టమొదటి మైక్రోఆర్‌ఎన్‌ఏ లిన్-4. మిల్లీమీటరు పొడవుండే ఒక పురుగులో 1993లో బయటపడింది. అది ఆ పురుగు ప్రత్యేకత అనుకుని ఏడేళ్ళ పాటు ఎక్కువమంది పట్టించుకోలేదు. 2000లో లెట్-7 దొరికి, అదే మనిషిలోనూ ఉందని తేలాక అందరి చూపూ ఇటు తిరిగింది. ఇప్పుడు అందరూ వాడే జాబితాలో మనిషికి సంబంధించిన మైక్రోఆర్‌ఎన్‌ఏలు 2,600కు పైగా ఉన్నాయి. ఈ జాబితా మీద కూడా గొడవ ఉంది. డ్రోషా, డైసర్ కోసిన ఆనవాళ్ళు స్పష్టంగా ఉండాలని పట్టుబట్టేవాళ్ళ లెక్కలో, మనిషిలో నిజమైన మైక్రోఆర్‌ఎన్‌ఏ జన్యువులు ఐదారు వందలే. అంటే క్యాన్సర్ పట్టికల్లో కనిపించే కొన్ని పేర్లు అసలు మైక్రోఆర్‌ఎన్‌ఏలే కాకపోవచ్చు.

## ఏడు అక్షరాలు కుదిరితే చాలా?

ఆర్‌ఎన్‌ఏలో అక్షరాలు నాలుగు: ఏ, యు, జి, సి. ఏ ఎదురుగా యు, జి ఎదురుగా సి కుదురుతాయి. 22 అక్షరాలున్నా, జత వెతకడంలో ముఖ్యమైనవి రెండో అక్షరం నుంచి ఎనిమిదో అక్షరం దాకా ఉన్న ఏడు. లెట్-7లో ఆ ఏడూ జి-ఏ-జి-జి-యు-ఏ-జి. రెండు పోగులూ ఎదురెదురు దిశల్లో కలుస్తాయి కాబట్టి, మెసెంజర్ చివరి భాగంలో (ప్రోటీన్‌కు సంబంధించిన రాత అయిపోయాక ఉండే భాగం) సి-యు-ఏ-సి-సి-యు-సి అన్న వరుస ఎక్కడుంటే అక్కడ లెట్-7 పట్టుకోగలదు. క్యాన్సర్ పెరుగుదలలో పేరుపడ్డ రాస్ కుటుంబపు జన్యువుల మీద లెట్-7 ఇలాగే పనిచేస్తుందని 2005లో చూపించారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. నాలుగు అక్షరాలతో ఏడక్షరాల వరుసలు 16,384 రకాలు కట్టొచ్చు. మెసెంజర్‌లో ఆ చివరి భాగం సగటున వెయ్యి అక్షరాలనుకుంటే, మనకు కావలసిన వరుస కాకతాళీయంగానే సుమారు పదహారింట ఒక దానిలో కనిపిస్తుంది. మనిషిలో ప్రోటీన్ జన్యువులు దాదాపు 20,000. అంటే అసలు సంబంధం ఏమీ లేకపోయినా, 1,200 జన్యువుల్లో ఏడక్షరాల జత కుదురుతుంది.

అందుకే కంప్యూటర్‌తో వెతికితే ఏ మైక్రోఆర్‌ఎన్‌ఏకైనా వందల "లక్ష్యాలు" వస్తాయి. వాటిలో క్యాన్సర్‌తో ముడిపడిన జన్యువు ఒకటైనా ఉండకపోదు. దాన్ని ఎంచుకుని, పెట్రీ డిష్‌లో పెంచిన కణాల్లో ఆ మైక్రోఆర్‌ఎన్‌ఏను భారీగా ఎక్కించి, పెరుగుదల తగ్గిందని చూపిస్తే ఒక పరిశోధన పత్రం తయారవుతుంది. ఇలాంటి పత్రాలు వేలల్లో ఉన్నాయి. అన్నీ తప్పని కాదు. ఎలుక నుంచి మనిషి దాకా పరిణామంలో చెక్కుచెదరకుండా నిలిచిన జతలనే లెక్కలోకి తీసుకోవడం, ఆ జత ఒక్కటే చెడగొట్టి ఫలితం చూడటం లాంటి గట్టి పద్ధతులు వాడినవీ ఉన్నాయి. చదివేవాళ్ళు మాత్రం రెండు రకాలనూ ఒకే గాటన కట్టకూడదు.

## పెద్దపేగులో కథ ఎక్కడ మొదలవుతుంది

పెద్దపేగు లోపలి పొర సన్నని గుంటలతో నిండి ఉంటుంది. ఒక్కో గుంట అడుగున మూలకణాలుంటాయి. అవి విభజన చెందుతుంటే కొత్త కణాలు పైకి జరుగుతూ వచ్చి, వారం తిరక్కుండానే రాలిపోతాయి. ఇంత వేగంగా నకళ్ళు తీసుకునే చోట తప్పులు దొర్లక మానవు. పదిలో ఎనిమిది పెద్దపేగు క్యాన్సర్లలో ఏపీసీ అనే జన్యువు చెడి ఉంటుంది. అక్కడి నుంచి పేగు లోపలి పొర మీద చిన్న పాలిప్ (మొలక లాంటి గడ్డ), ఆ తర్వాత రాస్ కుటుంబంలోని కేరాస్ లాంటి జన్యువుల్లో మార్పు, కణం అదుపు తప్పకుండా కాపలా కాసే పీ53 దెబ్బతినడం, చివరికి క్యాన్సర్. 1990లో ఫియరన్, వోగెల్‌స్టైన్ గీసిన ఈ క్రమానికి సాధారణంగా పదేళ్ళో అంతకన్నా ఎక్కువో పడుతుంది. కొలనోస్కోపీతో పాలిప్‌ను కనిపెట్టి తీసేసే అవకాశం ఆ వ్యవధి వల్లే దొరుకుతోంది.

ఈ క్రమంలో దాదాపు ప్రతి మెట్టు దగ్గరా ఒక మైక్రోఆర్‌ఎన్‌ఏ (పొట్టిగా మిర్) పేరు వినిపిస్తుంది. ఏపీసీని మిర్-135 తగ్గిస్తుంది. కేరాస్‌ను లెట్-7 అదుపులో ఉంచుతుంది. పీ53 పనిచేసేటప్పుడు మిర్-34ను పెంచుకుంటుంది. మిక్ అనే జన్యువు మిర్-17 నుంచి 92 దాకా ఉన్న ఒక గుంపును మొత్తంగా పెంచుతుంది. వీటి వెనుక ప్రయోగాల ఆధారం ఉంది. వాట్సాప్ పట్టికల్లో కనిపించే పేర్లు చాలావరకు ఇవే. కానీ ఈ రంగం గురించి నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఈ జాబితా కాదు, మిర్-143, మిర్-145 అనే జంట చరిత్ర.

## పదేళ్ళు నిలిచి, తర్వాత కదిలిపోయిన నిర్ధారణ

2003లో ఆస్ట్రేలియా పరిశోధకులు పెద్దపేగు కణితి ముక్కలను, అదే రోగి పేగులోని ఆరోగ్యకరమైన ముక్కలను పక్కపక్కన పెట్టి పోల్చారు. కణితుల్లో మిర్-143, మిర్-145 బాగా తగ్గి ఉన్నాయి. క్యాన్సర్‌గా మారని పాలిప్స్‌లో కూడా తగ్గి ఉన్నాయి. పెద్దపేగు క్యాన్సర్‌కూ మైక్రోఆర్‌ఎన్‌ఏలకూ సంబంధం చూపిన తొలి పని ఇదే. తర్వాత ఎన్నో ల్యాబులు ఇదే తగ్గుదలను చూశాయి. పెట్రీ డిష్‌లోని క్యాన్సర్ కణాల్లోకి వీటిని తిరిగి ఎక్కిస్తే పెరుగుదల నెమ్మదించింది. దాంతో ఈ రెండూ క్యాన్సర్‌ను అణిచిపెట్టేవి అన్న పేరు స్థిరపడింది.

2014లో అమెరికాలోని ఒక బృందం వేరే ప్రశ్న అడిగింది: ఇవి పేగు గోడలో ఏ కణాల్లో ఉంటాయి? క్యాన్సర్ పుట్టేది లోపలి పొర కణాల్లో. ఎలుకల పేగుల్లో చూస్తే మిర్-143, మిర్-145 ఆ కణాల్లో దాదాపు లేవు. ఉన్నదంతా ఆ పొర కింద ఉండే కండర కణాల్లో, ఫైబ్రోబ్లాస్ట్ లాంటి ఆధార కణాల్లో. ఆధార కణాల్లో వీటిని తీసేసిన ఎలుకల పేగుకు గాయమైతే లోపలి పొర తిరిగి పెరగలేకపోయింది. అంటే పక్క కణాల్లో ఉండి పై పొర మరమ్మతుకు సాయం చేయడం వీటి పని. పెరుగుదలను అణిచేవి అన్న పేరుకు ఇది దాదాపు వ్యతిరేకం. 2016లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎలుకల మీద చేసిన పని ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడ ఆధార కణాల్లోని ఈ జంట, కణితికి కొత్త రక్తనాళాలు రావడానికి తోడ్పడింది.

## ఏ కణమూ మారకుండా అంకె మారడం

మరి కణితుల్లో తగ్గినట్టు కనిపించడం అబద్ధమా? కాదు, కొలత సరైనదే. ఒక ఉదాహరణ చూద్దాం. లెక్క తేలిగ్గా ఉండడానికి అంకెలు నేను ఊహించినవి.

ఆరోగ్యకరమైన పేగు ముక్కలో వంద కణాలున్నాయి. 60 పై పొరవి, 40 ఆధార కణాలు. ఒక్కో ఆధార కణంలో మిర్-145 నకళ్ళు వంద ఉన్నాయి, పై పొర కణాల్లో సున్నా. ముక్క మొత్తంలో నకళ్ళు 4,000. ఇప్పుడు కణితి ముక్క తీసుకుందాం. పై పొర కణాలే విపరీతంగా పెరిగాయి కాబట్టి వందలో 85 అవే, ఆధార కణాలు 15. నకళ్ళు 1,500. రిపోర్టులో "కణితిలో మిర్-145 అరవై శాతానికి పైగా తగ్గింది" అని వస్తుంది. నిజానికి ఏ ఒక్క కణంలోనూ అది వీసమెత్తు కూడా తగ్గలేదు. కణాల పాళ్ళు మారాయి, అంతే.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది, దాన్నీ న్యాయంగా చూడాలి. పై పొర కణాల్లో ఇవి కొద్దిగానైనా ఉండి, క్యాన్సర్‌లో అదీ పోతుండొచ్చని కొందరు అంటారు. ఎక్కించినప్పుడు క్యాన్సర్ కణాలు నెమ్మదించడం వాళ్ళు చూపే ఆధారం. నాకు ఇది బలహీనంగా అనిపిస్తుంది. ఒక కణంలో సహజంగా లేనిదాన్ని వందల రెట్లు కుమ్మరిస్తే అది ఏదో ఒకటి చేస్తుంది. సహజంగా అక్కడ అదే చేస్తోందని దానివల్ల రుజువు కాదు. అయితే మందుగా పనికొస్తుందా అన్నది వేరే ప్రశ్న. సహజంగా లేని పదార్థమైనా మందు కావచ్చు. ఆ దారిని ఈ విమర్శ మూసెయ్యదు.

## మిర్-21: పెరిగిందన్నది నిజం, ఎవరిలో పెరిగింది?

పెద్దపేగు క్యాన్సర్‌లో పెరిగే వాటిలో ఎక్కువ పేరున్నది మిర్-21. కణాల పెరుగుదలకు అడ్డుకట్ట వేసే పీటెన్, పీడీసీడీ4 అనే ప్రోటీన్లను తగ్గిస్తుంది. 2008లో అమెరికాలోని మేరీల్యాండ్‌కు చెందిన 84 మంది, హాంకాంగ్‌కు చెందిన 113 మంది రోగుల కణితులను పరీక్షించారు. మిర్-21 ఎక్కువగా ఉన్నవాళ్ళు తక్కువ కాలం బతికారు. రెండు వేర్వేరు ప్రాంతాల్లో ఒకే ఫలితం రావడం చిన్న విషయం కాదు.

తర్వాత కణితి పొరలను సన్నగా కోసి, మిర్-21 ఉన్నచోట రంగు వచ్చేలా చేసి మైక్రోస్కోప్ కింద చూశారు. రంగు ఎక్కువగా కనిపించింది క్యాన్సర్ కణాల్లో కాదు, వాటి చుట్టూ ఉన్న ఆధార కణాల్లో. ఆ ఆధార కణాల్లో మిర్-21 ఎక్కువున్న రెండో దశ రోగుల్లో జబ్బు త్వరగా తిరగబెట్టిందని 2011లో డెన్మార్క్ పరిశోధకులు చూపారు.

మిర్-143 జంట విషయంలో కణం మారితే పాత అర్థం కూలిపోయింది. ఇక్కడ అలా కాలేదు. జబ్బు ఎలా నడుస్తుందో చెప్పే గుర్తుగా మిర్-21 విలువ తగ్గలేదు. గుర్తు క్యాన్సర్ కణంలోంచే రావాలన్న నియమం లేదు, చుట్టుపక్కల కణాలు కణితికి ఎలా స్పందిస్తున్నాయో చెప్పినా చాలు. మారేదల్లా కారణం గురించిన మాట. "మిర్-21 క్యాన్సర్ కణాన్ని నడిపిస్తోంది" అన్న వాక్యం బలం కోల్పోతుంది. "మిర్-21 ఎక్కువుంటే జాగ్రత్తగా ఉండాలి" అన్నది అలాగే నిలుస్తుంది. వార్తల్లో ఈ రెండు వాక్యాలూ తరచూ కలిసిపోతాయి.

## రక్తంలో వెతికితే

రక్తంలో ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైమ్‌లు ఉంటాయి. అయినా మైక్రోఆర్‌ఎన్‌ఏలు నిలుస్తాయి, ఎందుకంటే కొన్ని కణాలు వదిలే బుడగల్లో ఉంటాయి, మరికొన్ని ఆర్గోనాట్ ప్రోటీన్ పట్టులో ఉంటాయి. ఈ సంగతి 2008 ప్రాంతంలో తేలగానే రక్త పరీక్ష ఆశ మొదలైంది. 2009లో హాంకాంగ్ బృందం పెద్దపేగు క్యాన్సర్ రోగుల ప్లాస్మాలో (రక్తంలోని ద్రవ భాగంలో) మిర్-92 పెరిగిందని ప్రకటించింది. దాన్నే ఇప్పుడు మిర్-92ఏ అంటున్నారు.

చిక్కు ఏమిటంటే, మిర్-92ఏ ఎర్ర రక్తకణాల్లోనూ పుష్కలంగా ఉంటుంది. మిర్-16, మిర్-451 కూడా అంతే. ఇంటికొచ్చి తీసిన రక్తం కుదుపులతో బెంగళూరు సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఆలస్యంగా ల్యాబ్‌కు చేరిందనుకోండి. దారిలో కొన్ని ఎర్రకణాలు పగిలితే చాలు, ప్లాస్మాలో మిర్-92ఏ పెరిగినట్టు కనిపిస్తుంది. ఇంకో సమస్య, చాలా అధ్యయనాల్లో పోలిక కోసం "మారకుండా ఉండేది" అని పెట్టుకున్నది మిర్-16ను. ఎర్రకణాలు పగిలితే అదీ పెరుగుతుంది. ఇప్పుడు మంచి ల్యాబులు మిర్-451ను, ఎర్రకణాల ప్రభావం పెద్దగా పడని మిర్-23ఏతో పోల్చి, తేడా ఎక్కువుంటే ఆ శాంపిల్‌ను పక్కన పెడతాయి. ఒక ల్యాబ్‌లో తేలిన పేర్లు ఇంకో ల్యాబ్‌లో తేలకపోవడానికి ఈ కారణం చాలావరకు సరిపోతుంది.

మలంలో వెతకడం కొంత నయం. రాలిపోయే పేగు కణాలు నేరుగా అందులోకే వస్తాయి. కానీ కణితి నుంచి రక్తం కారుతుంటే ఎర్రకణాల మైక్రోఆర్‌ఎన్‌ఏ కూడా వస్తుంది. కంటికి కనిపించని ఆ రక్తాన్ని ఎఫ్‌ఐటీ అనే చవకైన పరీక్ష ఇప్పటికే పట్టుకుంటోంది. కాబట్టి మైక్రోఆర్‌ఎన్‌ఏ పరీక్ష ఏదైనా, ఎఫ్‌ఐటీ కన్నా అదనంగా ఏం చెబుతోందో చూపించాలి.

## వెయ్యి మందికి పరీక్ష చేస్తే

మళ్ళీ ఊహించిన అంకెలే. లక్షణాలేమీ లేని వెయ్యి మందికి పరీక్ష చేశాం. వాళ్ళలో ఐదుగురికి నిజంగా క్యాన్సర్ ఉంది. పరీక్ష, జబ్బున్న పదిమందిలో ఎనిమిది మందిని పడుతుంది, జబ్బులేని పదిమందిలో తొమ్మిది మందికి లేదని సరిగ్గా చెబుతుంది. వినడానికి బాగుంది. ఐదుగురిలో నలుగురు దొరికారు, ఒకరు తప్పిపోయారు. మిగతా 995 మందిలో పదో వంతు, అంటే దాదాపు వంద మందికి జబ్బు లేకుండానే పాజిటివ్ వచ్చింది. పాజిటివ్ వచ్చిన 104 మందిలో నిజమైన రోగులు నలుగురే. మిగిలిన వంద కుటుంబాలకూ కొలనోస్కోపీ అయ్యేదాకా టెన్షన్. దొరికిన ఆ నలుగురికి కూడా కొలనోస్కోపీ చేయాల్సిందే.

మన దగ్గర ఇది ఇంకా ముఖ్యం. బెంగళూరు క్యాన్సర్ రిజిస్ట్రీ 1982 నుంచి కిద్వాయ్‌లో నడుస్తోంది. అలాంటి రిజిస్ట్రీల లెక్కల ప్రకారం, భారత్‌లో పెద్దపేగు క్యాన్సర్ రేటు అమెరికా, ఐరోపాల కన్నా చాలా తక్కువ. జబ్బు ఎంత అరుదైతే, అదే పరీక్షలో తప్పుడు పాజిటివ్‌ల వాటా అంత పెరుగుతుంది. పై లెక్కలో ఐదుగురి బదులు ఒక్కరే ఉంటే, వందకు పైగా పాజిటివ్‌లలో నిజమైనది ఒక్కటి దొరకడం కూడా అనుమానమే. అమెరికాలో పనికొచ్చిన పరీక్ష బెంగళూరు మారతహళ్ళిలో అదే ఫలితం ఇస్తుందని అనుకోలేం.

ఇదంతా లక్షణాలు లేనివాళ్ళ సంగతి. మోషన్‌లో రక్తం పడుతున్నా, పైల్స్ అనుకుని నెలలు గడిపేసేవాళ్ళు మనలో చాలామంది. వాళ్ళ విషయంలో ప్రశ్నే వేరు. రక్తం ఎక్కడి నుంచి పడుతోందో కళ్ళతో చూడటం అవసరం, ఏ మైక్రోఆర్‌ఎన్‌ఏ అంకే ఆ పని చేయలేదు.

## మందుగా వాడే ప్రయత్నం

పీ53కి సాయపడే మిర్-34ను కొవ్వు బిందువుల్లో పెట్టి ఇచ్చే మందును 2013 నుంచి కాలేయ క్యాన్సర్, మరికొన్ని క్యాన్సర్ల రోగుల మీద పరీక్షించారు. కొందరిలో కణితులు తగ్గాయి. కానీ రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా ఎదురు తిరిగింది, రోగులు చనిపోయారు, 2016లో ప్రయోగం ఆపేశారు. దీన్ని కొందరు ఈ ఆలోచనకే ముగింపుగా చూశారు. తప్పు మిర్-34ది కాదు, దాన్ని మోసుకెళ్ళిన పద్ధతిది అని ఇంకొందరి వాదన. నాకు రెండో వాదనలో కొంత బలం కనిపిస్తుంది. పాటిసిరాన్, ఇంక్లిసిరాన్ లాంటి చిన్న ఆర్‌ఎన్‌ఏ మందులు ఇప్పటికే వాడకంలో ఉన్నాయి. అవి మైక్రోఆర్‌ఎన్‌ఏలు కావు, ఒకే జన్యువును గురిపెట్టి తయారుచేసినవి. అవి చేరాల్సింది కాలేయానికి, అక్కడికి చేర్చడం తెలిసింది. పెద్దపేగు కణితికి, అందులోనూ కావలసిన రకం కణానికే చేర్చడం ఇంకా తెలియలేదు. వందల జన్యువులను కదిపే మైక్రోఆర్‌ఎన్‌ఏ తప్పు కణంలో చేరితే ఏమవుతుందో మిర్-143 కథ ఇప్పటికే సూచించింది.

## ఒక్కో కణాన్నీ విడిగా అడగడం

ఒక్కో కణాన్ని విడదీసి అందులోని మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలను చదివే పద్ధతులు ఇప్పుడు చాలా ల్యాబుల్లో ఉన్నాయి. అవి మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ చివర ఉండే "ఏ" అక్షరాల తోకను పట్టుకుని పనిచేస్తాయి. మైక్రోఆర్‌ఎన్‌ఏకు ఆ తోక ఉండదు. అందుకే ఆ భారీ డేటాలో ఇవి కనిపించవు, వీటి కోసం విడిగా పద్ధతులు తయారు చేసుకోవాల్సి వస్తోంది. 2017లో శరీరంలోని వేర్వేరు రకాల కణాలను విడివిడిగా తీసుకుని, దేనిలో ఏ మైక్రోఆర్‌ఎన్‌ఏ ఉందో చెప్పే పట్టికలు వచ్చాయి. వాటితో పోల్చి చూస్తే, పాత పత్రాల్లో క్యాన్సర్ కణానివి అనుకున్న పేర్లలో కొన్ని రక్తకణాలవనీ, కొన్ని కండరాలవనీ గుర్తుపట్టొచ్చు.

ఈ పనికి పాత నమూనాలూ పనికొస్తాయి. ఆపరేషన్‌లో తీసిన కణితి ముక్కలను ఫార్మలిన్‌లో నిలవచేసి, మైనపు దిమ్మల్లో ఏళ్ళ తరబడి దాస్తారు. బెంగళూరులోని పెద్ద ఆస్పత్రుల పాథాలజీ విభాగాల్లోనూ అలాంటివి ఉంటాయి. పొడవాటి మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలు ఆ దిమ్మల్లో ముక్కలైపోతాయి. 22 అక్షరాల మైక్రోఆర్‌ఎన్‌ఏలు చిన్నవి కావడం వల్ల చాలావరకు అలాగే మిగులుతాయి. ఆ దిమ్మ నుంచి ఒక పొర కోసి రంగు వేస్తే, మైక్రోఆర్‌ఎన్‌ఏ ఏ కణంలో ఉందో కనిపిస్తుంది. ఆ రోగికి తర్వాత ఏమైందో ఆస్పత్రి రికార్డుల్లో ఉంటుంది.